ఎడమచేతిలో రుమాలు

అమ్మకు నమస్కరించి నీ కూతురు రాసేది. ఇక్కడ నేను కులాసా. దగ్గు పూర్తిగా పోయింది. అక్కడ నువ్వు, నాన్న, తమ్ముడు బాగున్నారని తలుస్తాను. ప్రతి ఉత్తరంలోనూ ఈ వాక్యాన్ని ఆలోచించకుండా రాసేస్తుంటాను గానీ, ఈసారి ‘తలుస్తాను’ దగ్గర పెన్ను ఆగింది. బాగుండాలని కోరుకుంటున్నాను అంటే సరిగ్గా ఉంటుందేమో.

ఇవాళ శనివారం. పిల్లలు మధ్యాహ్నమే వెళ్ళిపోయారు. మా కాలేజీవాళ్ళు పసిపిల్లలతో నడిపే ప్రాక్టీసు గదిలో, వాళ్ళ కుర్చీలోనే కూర్చుని రాస్తున్నాను. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. నేల తుడవడానికి వచ్చిన ఆయమ్మ నా చుట్టూ రెండుసార్లు తడిగుడ్డ తిప్పి, “ఏంటమ్మా, లేవకుండా రాస్తున్నావు. ప్రేమలేఖా?” అంది. మా అమ్మకి అన్నాను. “అయితే ఏదో తప్పు చేసే ఉంటావు,” అని బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను నవ్వలేదు.

నీ ఉత్తరం బుధవారం అందింది. అందులో నువ్వు మూడు సంగతులు అడిగావు. వరసగా చెబుతాను. మూడోదాన్ని చివరికి నెట్టాలని చూస్తున్నానని నీకు తెలిసిపోతుంది. తెలిసినా ఓపిక పట్టు.

మొదటిది, వేళకి తింటున్నానా అని. తింటున్నాను. నా గదిలో ఉండే అమ్మాయిని మేమంతా గడియారం అంటాం. ఎనిమిదయ్యేసరికి పళ్ళెం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. తినిపించకుండా ఎవర్నీ వదలదు. నువ్వు పంపిన స్వెట్టర్ చేతులు కొంచెం పొడుగయ్యాయి, మడిచి వేసుకుంటున్నాను.

రెండోది నాన్న అడగమన్నాడని రాశావు. “పిల్లల్ని ఆడించడానికి రెండేళ్ళ చదువెందుకే?” అని. నాన్న అడగమన్నాడో, నువ్వే ఆయన మీద పెట్టి అడిగావో నాకు తెలీదు. ఏమైనా జవాబు చెబుతాను. నాకు ఇక్కడ అన్నిటికన్నా నచ్చింది గమనిక రాయడం. ఒక పిల్లని ఎంచుకుని, గోడకి ఆనుకుని కూర్చుని, తొంభై నిమిషాలు ఆ పిల్ల ఏం చేస్తే అది రాయాలి. కంటికి కనబడింది, చెవికి వినబడింది మాత్రమే రాయాలి. ‘సంతోషంగా ఉంది’ అని రాస్తే పెద్ద మేడం ఎర్రసిరాతో కొట్టేస్తుంది. ‘పై పళ్ళు కనబడేలా నవ్వింది’ అని రాయాలి. ‘మొండికేసింది’ అన్నా కొట్టేస్తుంది. ‘మూడుసార్లు పిలిచినా లేవలేదు, కుర్చీ అంచు రెండు చేతులతో పట్టుకుంది’ అని రాయాలి. మొదట్లో ఏడుపొచ్చింది. తర్వాత తెలిసింది, ‘మొండి’ అన్న ఒక్క మాట తీసేస్తే దాని వెనకాల ఎంత దాక్కుందో. ఇప్పుడు బస్సులో కూర్చున్నా పక్కవాళ్ళ చేతుల్ని మాటల్లో పెట్టుకుంటూ ఉంటాను. ఒక సంగతికి సరిపోయే మాట దొరికితే ఆ రోజంతా ఆకలి తెలీదు. అందుకమ్మా రెండేళ్ళు.

పెద్ద మేడం అంటే మా ప్రిన్సిపాలు కాదు. పసిపిల్లల పాఠ్యక్రమం చెప్పే ఆవిడ. సన్నగా, గట్టిగా ఉంటుంది. గొంతు ఎప్పుడూ పైకి లేవదు. అదే భయం. కాలేజీలో చేరిన మొదటిరోజు మాకందరికీ ఒక కాగితం ఇచ్చింది. అందులో నలభై వాక్యాలు. ‘నాలుగేళ్ళ పిల్లలకి అక్షరాలు రావాలి.’ ‘ఆట అయ్యాకే చదువు మొదలవుతుంది.’ ‘పిల్ల చెయ్యి పట్టుకుని దిద్దించడం అవసరం.’ ఒక్కోదానికి ఎదురుగా ఒప్పుకుంటాను, ఒప్పుకోను అని గీతలు పెట్టాలి. అప్పుడు నేను ఆలోచించకుండా పెట్టుకుంటూ పోయాను. నువ్వు పసిపిల్లలకి చదువు చెప్పే గదిలో చూసిందే కదా నాకు తెలిసిన బడి. నాలుగు నెలలయ్యాక అదే కాగితం మళ్ళీ ఇచ్చింది. ఈసారి జవాబులన్నీ ముందే తెలిసినట్టు చకచకా నింపేశాను. అక్షరాలకి తొందరలేదు. ఆటే చదువు. చెయ్యి పట్టుకోకూడదు.

వారం తర్వాత మేడం నన్ను పిలిచి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది.

“నలభైలో ఇరవై ఆరు మార్చావు. క్లాసులో ఇంకెవరూ ఇన్ని మార్చలేదు.”

మెచ్చుకుంటోందనుకుని నవ్వాను.

“నిన్న ఆ పిల్ల దగ్గర నీ చెయ్యి ఎక్కడుంది?” అంది.

ఆ పిల్లని పిచ్చుక అంటాం. నాలుగేళ్ళది. రెండు మాటలు మాట్లాడి ఎగిరిపోతుంది. గుండ్రాలు గీస్తుంది గానీ ఒక్కటీ మూయదు, అన్నిటికీ ఒక పక్క తలుపు తీసే ఉంటుంది. ముందురోజు దాని వెనక మోకాళ్ళ మీద కూర్చుని, నాకు తెలీకుండానే దాని గుప్పిట మీద నా గుప్పిట వేసి ఆ గుండ్రం మూసేశాను. పిచ్చుక కుంచె వదిలేసి వెళ్ళిపోయింది. నేను మాత్రం ‘హమ్మయ్య’ అనుకున్నాను. మేడం కిటికీలోంచి చూసింది.

“కాగితం మీద అన్నీ మారాయి. చెయ్యి మారలేదు. నువ్వు నమ్మేది మారిందా, నాకేం నచ్చుతుందో తెలిసిందా? నాకు చెప్పక్కర్లేదు. నీకు తెలిస్తే చాలు,” అంది.

అమ్మా, ఆ రోజు నాకు చాలా కోపమొచ్చింది. మేడం మీద కాదు. నా చెయ్యి మీద. అది నీ చెయ్యి. నువ్వు పలక ముందు కూర్చునే తీరు, పిల్ల భుజం మీదుగా వంగే తీరు, వేళ్ళ మీద వేళ్ళు వేసేటప్పుడు నోట్లోంచి వచ్చే ‘ఊఁ’ కూడా నీదే. ఇక్కడ ఎవరికీ కనబడకూడదని నేను నాలుగు నెలలు దాచిందంతా ఒక్క గుండ్రం దగ్గర బయటపడింది.

పోనీ, బయటి జనం మాత్రం మేడం మాట వింటారా? పిచ్చుక నాన్న బస్సు కండక్టరు. డ్యూటీ దిగి యూనిఫాంతోనే వస్తాడు, కూతుర్ని ఎత్తుకుని దాని గోళ్ళలో ఇసుక చూస్తాడు. మొన్న గేటు దగ్గర నన్ను ఆపాడు.

“టీచరమ్మా, ఇసుక మా ఇంటి ముందూ ఉంది. రాయడమెప్పుడు?”

నేను పాఠం అప్పజెప్పాను. వేళ్ళలో బలం రావాలి, తొందరపెడితే చదువంటే విసుగొస్తుంది, ఇంకా ఏమేమో.

అతను అంతా విన్నాడు. “నన్నెవరూ తొందరపెట్టలేదమ్మా. తీరిగ్గా పెరిగాను. అందుకే టిక్కెట్లు చింపుతున్నాను,” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నువ్వయితే ఏమనేదానివో ఆలోచించాను. నువ్వు ఏమీ అనేదానివి కాదు. మర్నాడు ఆ పిల్ల చేతికి పలక ఇచ్చేదానివి.

ఇప్పుడు మూడో సంగతి.

పై ఆఫీసు నుంచి నీకు కాగితం వచ్చిందని రాశావు. వచ్చే గురువారం ఇద్దరు మీ గది చూడ్డానికి వస్తారని, అప్పటిదాకా కొత్త పిల్లల్ని చేర్చుకోవద్దని ఉందని రాశావు. ఇరవయ్యేళ్ళలో ఇలాంటి కాగితం ఎప్పుడూ రాలేదని, నలుగురు తల్లులు రోజూ వచ్చి అడిగి వెళుతున్నారని, వాళ్ళకేం చెప్పాలో తెలీడం లేదని రాశావు. గది తీసేసుకుంటారేమోనని నాన్న అంటున్నాడని రాశావు. ‘నువ్వు ఆ చదువే చదువుతున్నావు కదా, ఎందుకొస్తున్నారో నీకేమైనా తెలుసా?’ అని అడిగావు.

బుధవారం సాయంత్రం ఫోన్లో కూడా అడిగావు. ‘మామూలు తనిఖీ అయ్యుంటుందిలే అమ్మా’ అన్నాను. నువ్వు, ‘అంతేనంటావా? నువ్వు చెప్పావుగా, ఇంక నాకు నిద్ర పడుతుంది’ అన్నావు.

తెలుసమ్మా. అప్పుడూ తెలుసు. వాళ్ళు నా వల్లే వస్తున్నారు.

పోయిన నెల సెలవులకి వచ్చినప్పుడు మాకొక పని ఇచ్చారు. కాలేజీది కాని ఒక బడికి వెళ్ళి, ఒక పిల్లని చూసి, మూడు పేజీల గమనిక రాసి తేవాలి. నీ గదిలోనే రాయాలనుకున్నాను. వచ్చేసరికి సున్నాలు వేస్తున్నారని నీ గది మూసేశారు. ఇంకో బడికి వెళ్ళొచ్చు. రేపు వెళతాను, రేపు వెళతాను అంటూ నాలుగు రోజులూ నీ పక్కన పడుకుని నిద్రపోయాను. తిరుగు బస్సులో ఏడు గంటల ప్రయాణం. ఒళ్ళో ఖాళీ పుస్తకం. మర్నాడు పొద్దున్నే ఇచ్చెయ్యాలి.

అప్పుడు రాయడం మొదలుపెట్టాను. నాలుగేళ్ళ ఆడపిల్ల. కిటికీ వైపు రెండో వరస. పలక ముందు పెట్టగానే పిల్ల ఎడమచేత్తో బలపం అందుకుంది. టీచరు వచ్చి పక్కన కూర్చుంది. బలపం తీసుకుని కుడిచేతిలో పెట్టింది. పిల్ల మళ్ళీ ఎడమచేతిలోకి మార్చుకుంది. టీచరు తన రుమాలు నాలుగు మడతలు పెట్టి, మధ్యలో గులకరాయి ఉంచి ముడి వేసి, పిల్ల ఎడమ అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. “ఇది నాకోసం పట్టుకో. పడెయ్యకు,” అంది. పిల్ల నలభై నిమిషాలు పట్టుకుంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. కుడిచేత్తో తొమ్మిది గీతలు గీసింది. గంట కొట్టాక టీచరు రుమాలు తీసుకుంటే, పిల్ల చెయ్యి చాలాసేపు మూసుకునే ఉంది.

ఆ పిల్ల ఎవరో నీకు తెలుసు.

బస్సులో ఒక్క మాట కోసం కూడా వెతుక్కోలేదు. అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. నా జీవితంలో అంత బాగా ఏదీ రాయలేదు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు, తారీఖు తప్ప. పదహారేళ్ళ కిందటి రోజుకి పోయిన నెల తారీఖు వేశాను. బడి పేరు దగ్గర నీ బడి పేరు రాశాను. కుదుపుకి చెయ్యి తప్పి వేసింది కాదు. అక్కడ చెయ్యి ఆగింది. ఆగినా వేశాను.

మేడం ఆ గమనికని క్లాసులో చదివి వినిపించింది. అరవైమంది చప్పుడు లేకుండా విన్నారు. ‘ఒక్క అభిప్రాయం లేదు, ఒక్క నింద లేదు. చూడ్డమంటే ఇదీ’ అంది. ఆవిడ ఎవర్నీ మెచ్చుకోదు. గడియారం నా చెయ్యి పట్టుకుని నొక్కింది. నాకు చెవులు వేడెక్కాయి. గర్వంతోనే అమ్మా, సిగ్గుతో కాదు. సిగ్గు తర్వాత వచ్చింది, ‘పిల్లల చేతులు కదలకుండా చేసే గది గురించి తెలిస్తే పై ఆఫీసుకి రాయాలని మనకి నియమం ఉంది, రాశాను’ అని మేడం అన్నప్పుడు.

ఇంకొకటి ఉంది. ఇది రాయకుండా ఉత్తరం మూసేద్దామని ఇందాక లేచాను. మళ్ళీ కూర్చున్నాను. కాలేజీలో చేరిన కొత్తలో మేడం అందరినీ అడిగింది, ఇంట్లో ఎవరైనా టీచర్లున్నారా అని. నేను చెయ్యెత్తలేదు. మా అమ్మ ఇంట్లోనే ఉంటుందని చెప్పాను. మా క్లాసులో చెయ్యెత్తిన ఇద్దరి అమ్మలూ పెద్ద చదువులు చదివినవాళ్ళు. నువ్వు ముప్ఫై రోజుల శిక్షణతో చేరావు, నీకు ముందున్న టీచరు ఏం చేస్తే అది చేశావు. ఆ ముప్ఫై రోజుల సంగతి ఎవరైనా అడుగుతారేమోనని భయపడ్డాను. అందుకే నేను రాసింది మా అమ్మ గది గురించని ఎవరికీ అనుమానం రాలేదు.

నిన్నంతా మేడం గది ముందు తిరిగాను. రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి, అటెండెన్సు పుస్తకం కోసం వచ్చినట్టు నటించి వెనక్కి వచ్చేశాను. తప్పుడు గమనిక ఇస్తే కాలేజీలోంచి పంపేస్తారు. పోయినేడు ఒకమ్మాయిని పంపేశారట. ఇవాళ పొద్దున పిల్లలు వచ్చే వేళకి ముందే వెళ్ళాను.

“ఆ గమనిక నేను చూసి రాసింది కాదు మేడం. గుర్తు తెచ్చుకుని రాశాను.”

“ఎప్పటిది?”

“పదహారేళ్ళయింది.”

ఆవిడ పెన్ను మూత పెట్టింది. “ఆ పిల్ల నీకు తెలుసా?”

“నేనే మేడం. ఆ టీచరు మా అమ్మ.”

బయట మొదటి పిల్ల ఎవరో చెప్పులు విప్పుతున్న చప్పుడు. మేడం అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

“అయితే ఆ గదిలో ఇప్పుడేం జరుగుతోందో నీకు తెలీదన్నమాట.”

“మా అమ్మ ఇప్పుడలా చెయ్యదు మేడం.”

“చూశావా?”

చూడలేదమ్మా. అయిదేళ్ళకి నీ గది దాటి పెద్ద బడికి వెళ్ళాను. ఆ తర్వాత నీ గదిలో కూర్చుని పాఠం చూసింది ఎప్పుడు? తాళంచెవి ఇవ్వడానికి వచ్చాను, అన్నం డబ్బా తేవడానికి వచ్చాను. గుమ్మంలోంచే వెళ్ళిపోయాను. నువ్వు చెయ్యవని నా నోటికొచ్చింది గానీ, తొంభై నిమిషాల్లో ఒక్క నిమిషం చూసిందైనా నా దగ్గర లేదు. ఆవిడకి అదే చెప్పాను. చూడలేదు మేడం అని.

నా ఎదురుగానే పై ఆఫీసుకి కాగితం రాసింది, ఆ గమనికలో తారీఖు తప్పని, అది ఇప్పటి గది గురించి సాక్ష్యం కాదని. కానీ నోటీసు ఒకసారి వెళ్ళాక రావడం ఆగదట. గురువారం వస్తారు. వచ్చే ఇద్దరిలో ఒకరు మా మేడమే. నా సంగతి సోమవారం కమిటీలో తేలుస్తారు. ఆరు నెలలు వెనక్కి నెట్టొచ్చు, ఇంటికే పంపొచ్చు. “నీ తరఫున మాట్లాడతానని అనుకోకు. జరిగింది చెబుతాను,” అంది. ఆవిడ నుంచి అంతకన్నా కోరను.

ఇదంతా ఫోన్లో ఎందుకు చెప్పలేదంటావేమో. ఫోన్లో అయితే నువ్వు ‘సరేలే, అయిందేదో అయింది, తిన్నావా?’ అంటావు. నేను బతికిపోతాను. అందుకని రాశాను. మంగళవారానికల్లా అందుతుందని పోస్టాఫీసు కిటికీలో ఆవిడ చెప్పింది. నీకు మధ్యలో ఒక్కరోజు ఉంటుంది.

ఆ ఒక్కరోజులో గది సర్దకు. పలకలు దాచెయ్యకు. నా పుస్తకాల్లో చూసిన బొమ్మల్లాంటివి గోడకి అంటించకు. అక్కడున్నది ఉన్నట్టుగా చూడనీ. వాళ్ళు అడిగేవి అడుగుతారు. నాకు తోచిన జవాబులు నీకు రాసి పంపుదామని ఒక కాగితం నిండా రాశాను కూడా. చించేశాను. మళ్ళీ నీ నోట్లో నా మాటలు పెట్టడమే కదా అది.

కానీ వాళ్ళకన్నా ముందు నేను ఒకటి అడగాలి. ఆ రుమాలు ఇంకా ఎవరి చేతిలోనైనా పెడుతున్నావా? పెడుతుంటే పెడుతున్నానని రాయి. నాతోనే ఆపేస్తే ఎందుకు ఆపేశావో రాయి. అసలు నాకెందుకు పెట్టావో రాయి. నీకు ముందున్న టీచరు పెట్టిందనా, పెద్ద బడిలో ఎడమచేతి పిల్లల్ని కొడతారని భయపడా, నలుగురూ నవ్వుతారనా, నాకు తెలీదు. ఆ రుమాలు గురించి మూడు పేజీలు రాశాను. అరవైమంది విన్నారు, ఆఫీసులో ఇంకెందరు చదివారో. పదహారేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం, నిన్ను మాత్రం ఒక్కసారీ అడగలేదు.

గురువారం నాటికి జవాబు రాదని తెలుసు. వాళ్ళు వచ్చి వెళ్ళాకే రాయి. ఏ మాట కొట్టెయ్యకుండా రాయి.

ఇట్లు,
నువ్వేమన్నా పడే
నీ కూతురు